నాన్న ఫైల్లో ‘నానా’

మా ఊరి రైల్వేస్టేషన్ బోర్డు మీద మా ఊరి పేరుండదు. దిగేది కంచిలిలో, బోర్డు మీద కనిపించేది ‘సోంపేట’. కొత్తగా వచ్చేవాళ్లు కంగారు పడి పక్కవాణ్ణి అడుగుతారు. మాకు చిన్నప్పట్నుంచీ అలవాటైపోయింది. కాగితం మీద ఒకటి, నేల మీద ఇంకోటి ఉంటే పెద్దగా పట్టించుకోం. మా నాన్న కుడిచెయ్యి సంగతి కూడా అలాగే ఉందని 2025 సంక్రాంతికి గానీ నాకు తెలీలేదు.

నేను వైజాగ్‌లో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. పండక్కి రాత్రి ట్రైన్ దిగేసరికి నాన్న బండి వేసుకుని వచ్చాడు. బ్యాగు ముందు పెట్టి, తాళం నా చేతికిచ్చి, “నువ్వు తోలు” అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. తన బండి ఎవరికైనా ఇవ్వాలంటే ప్రాణం పోయినట్టు చేసే మనిషి ఆయన. ఎందుకని అడిగితే, “సలికి సెయ్యి పట్టేసిందిలే” అన్నాడు. కంచిలిలో జనవరి చలి ఎంతుంటుందండీ? 24 ఏళ్లు ఆర్మీలో చేసి, అందులో రెండు చలికాలాలు లద్దాఖ్‌లో గడిపి, హవల్దారుగా దిగిన మనిషికి మా ఊరి చలి ఓ లెక్కా?

దారంతా అదే ఆలోచన. బండికి ఎక్స్‌లేటర్ ఉండేది కుడిచేతికే కదా. తిప్పాలంటే మణికట్టు వెనక్కి వంగాలి.

సంక్రాంతి పొద్దున్న పూజ దగ్గర అసలు విషయం బయటపడింది. నాన్న కొబ్బరికాయని ఎడంచేత్తో అందుకున్నాడు. “ఎడం సేత్తో దేవుడికి కొడతారేటి?” అని అమ్మ గదిమింది. చెయ్యి మార్చాడు. కొట్టాడు. కాయ పగల్లేదు సరికదా, చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయి గుమ్మం దగ్గర ఆగింది. ఉద్దానంలో పుట్టి, ఎకరం కొబ్బరితోట ఉన్న మనిషి ఒక్క కాయ కొట్టలేకపోయాడు. తమ్ముడు నవ్వబోయి, నాన్న మొహం చూసి ఆగిపోయాడు.

వంటింట్లో అమ్మని పట్టుకున్నాను. చాలాసేపు నసిగి చెప్పింది. చెయ్యి నొప్పి ఇప్పటిది కాదట. కాయలు వలవడం మానేసి మూడేళ్లయిందట. నేలలో పాతిన గునపం మీద కాయని గుచ్చి మెలితిప్పాలంటే మణికట్టు ఒప్పుకోవట్లేదు, అందుకే కూలి ఇచ్చి వలిపిస్తున్నారు. ఇంకా ఉంది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు నొప్పి మాత్ర ఒకటి వేసుకుంటున్నాడట. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునేది.

ఈ చివరి మాట వినగానే నా కాళ్లు చల్లబడ్డాయి. మా ప్రాంతం కానివాళ్లకి ఇదెందుకో అర్థం కాకపోవచ్చు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ మండలాల్లో ‘క్రియాటినిన్’ అనేది డాక్టర్ల మాట కాదు, ఇంటింటి మాట. పెళ్లి సంబంధాలప్పుడు కూడా గుసగుసగా అడిగే మాట. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్లయినా ఒక్క కారణం తేల్చలేకపోయారు గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి నొప్పి మాత్రలు ఇంకా చేటు చేస్తాయన్నది మాత్రం ఖాయం. మా వీధిలోనే ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తున్నారు. అలాంటి చోట మా నాన్న చెయ్యి నొప్పికి రోజూ మాత్ర మింగుతున్నాడు. మాకెవరికీ చెప్పకుండా!

కనుమ వెళ్లిన మర్నాడే రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చేదాకా నేను అన్నం సరిగ్గా తినలేదు. ఆ రిపోర్టు వరకు బాగానే వచ్చింది. మాత్రల డబ్బా తమ్ముడు తీసుకెళ్లి పారేశాడు. కానీ నొప్పి అక్కడే ఉంది కదా.

ఆ రాత్రి నాన్న పెట్టె తీశాను. ఆర్మీవాళ్ల ఇళ్లలో ఉంటుంది చూడండి, నల్లటి ఇనప్పెట్టె, పైన తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు. అందులో ఒక ఫైలు. ఫైల్లో 2018లో రిటైరయ్యే ముందు జరిగిన రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాలు. ఇంగ్లిష్‌లో, డాక్టర్ల గీతల్లో. నాకు అర్థమైనంతవరకు, కుడి మణికట్టులో స్కాఫాయిడ్ అనే ఎముక పాత విరుపు, కీలు అరుగుదల, వైకల్యం 20 శాతం, జీవితాంతం. పక్క గడిలో పెన్నుతో నాలుగక్షరాలు రాసి ఉన్నాయి. ఎన్, ఏ, ఎన్, ఏ. నానా.

“నాన్నా, ఇందులో నిన్ను ‘నానా’ అని రాశారేంటి?” అన్నాను. నిజంగానే జోక్ అనుకున్నాను.

ఆయన నవ్వలేదు. “అది నాకు రాసింది కాదమ్మా. నాకు రాదు అని రాసింది” అన్నాడు.

‘నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్’. ఈ వైకల్యం సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని దానర్థం. ఆ నాలుగక్షరాలు పడితే మామూలు పెన్షన్ వస్తుంది గానీ, దాని మీద రావాల్సిన వైకల్యం వాటా రాదు. మాజీ సైనికుల మధ్య ఇది బాగా తెలిసిన తిట్టులాంటి మాట. “వాడికి నానా పడిందట” అంటారు. తెలుగులో నానా పాట్లు అంటాం కదా, దానికి సరిగ్గా సరిపోయింది.

సర్వీసు వల్ల కాకపోతే ఎలా వచ్చింది మరి? అడిగాను. ముందు “ఛోడో, పాత కథ” అన్నాడు. అమ్మ రెండో గ్లాసు టీ ఇచ్చాక చెప్పాడు.

2006 జనవరి. లద్దాఖ్‌లో ఎత్తు మీద ఒక పోస్టు. కిరోసిన్ డబ్బాలు పైకి మోస్తున్నారు. గడ్డకట్టిన దారి. జారాడు. పడుతూ పడుతూ అరచెయ్యి నేలకి ఆన్చాడు. ఎవరైనా అదే చేస్తారు, పడేటప్పుడు చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. వాపు వచ్చింది. రెండు రోజులకి కిందకి దింపి ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. బెణికిందని గుడ్డ పట్టీ కట్టారు. వారానికి మళ్లీ డ్యూటీ. “పక్కనోడికి వేళ్లే పోయాయి మంచుకి. నేను సెయ్యి బెణికిందని పడుకుంటానా?” అన్నాడు.

తర్వాత వైజాగ్‌లో చూపించిన చేతి డాక్టరు మాకు దీన్ని భలే వివరించారు. స్కాఫాయిడ్ అంటే బొటనవేలి మొదట్లో, మణికట్టు లోపల ఉండే చిన్న ఎముక. “మీ పలాస జీడిపప్పు ఎంతుంటుందో అంతే. ఆకారం కూడా అదే” అన్నారు. చెయ్యి ఆన్చి పడ్డప్పుడు ముందు విరిగేది తరచుగా ఇదే. చిక్కేమిటంటే, విరిగిన మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో గీత కనపడకపోవచ్చు. అందుకే బొటనవేలి మొదట్లో గుంట దగ్గర నొక్కితే నొప్పి ఉందంటే, ఎక్స్‌రే బాగున్నా కట్టు వేసి, పది పన్నెండు రోజుల తర్వాత మళ్లీ తీయాలి. ఈ ఎముకకి రక్తం వచ్చే దారి కూడా తలకిందులు, వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుంది. మధ్యలో విరిగితే వెనక ముక్కకి రక్తం సరిగ్గా అందకపోవచ్చు. అతుక్కోకపోవచ్చు. అతుక్కోని ముక్కలు ఏళ్ల తరబడి రాసుకుని రాసుకుని కీలునే తినేస్తాయి. మనిషి మాత్రం బెణుకు అనుకుంటూ బతికేస్తాడు.

మా నాన్న మూడేళ్లు అలా బతికాడు. 2009లో బరువెత్తలేక ఆసుపత్రికెళ్తే అప్పుడు దొరికింది విరుపు. తుంటి ఎముక నుంచి ముక్క తీసి, స్క్రూ పెట్టి ఆపరేషన్ చేశారు. ఎముక అతికింది. అరిగిన కీలు అరిగినట్టే ఉంది. ఆర్మీలో మనిషి ఆరోగ్యాన్ని ‘షేప్’ అని ఐదక్షరాల్లో కొలుస్తారు. అందులో ‘ఏ’ అంటే కాళ్లూ చేతులూ. నాన్నకి ఏ పక్కన 1 పోయి 2 పడింది. లో మెడికల్ కేటగిరీ. అలాగే ఇంకో తొమ్మిదేళ్లు చేశాడు.

“మరి ఎవరికీ తెలీలేదా నీ చెయ్యి వంగదని?”

“సెల్యూట్‌కి మణికట్టు వంచక్కర్లేదమ్మా. తిన్నగా ఉంటే సాలు.”

ఈ మాట నేను చాలా రోజులు మర్చిపోలేకపోయాను.

నానా ఎందుకు పడిందో అర్థం కావడానికి ఇంకో మనిషి కావాల్సొచ్చింది. సోంపేటలో మాకు వరసకి మావయ్య అయ్యే రిటైర్డు సుబేదార్ ఉన్నారు. చుట్టుపక్కల ఫౌజీల కాగితాలన్నీ ఆయన వరండాలోనే తిరుగుతాయి. ఫైలు ఒక్కసారి తిరగేసి, “బావా, గాయం రిపోర్టేదీ?” అని అడిగారు. డ్యూటీలో దెబ్బ తగిలితే యూనిట్ ఒక ఫారం నింపాలి. దాని నంబరు ఐఏఎఫ్‌వై-2006. నాన్నకి దెబ్బ తగిలింది కూడా 2006లోనే. ఆ ఫారం మాత్రం ఎవరూ నింపలేదు. బెణుక్కి ఫారం ఎవరు రాస్తారు? నాన్నా అడగలేదు. పన్నెండేళ్ల తర్వాత బోర్డు ముందుకెళ్తే, డ్యూటీలో తగిలినట్టు కాగితం లేదు కాబట్టి నానా.

“అప్పుడే అప్పీలు చెయ్యాల్సింది. ఆర్నెల్ల టైముంటుంది” అన్నారు మావయ్య.

ఆర్నెల్లు. నాన్న దిగింది 2018 జులై ఆఖరున. తిరస్కరించినట్టు ఉత్తరం వచ్చింది ఆ తర్వాత నెలలో. ఆ ఆర్నెల్ల మధ్యలో అక్టోబర్ 11 ఉంది. మా వైపు ఎవరికీ ఆ తారీఖు విడమరిచి చెప్పక్కర్లేదు. తిత్లీ. తెల్లారేసరికి మా ఎకరంలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు లేక, నీళ్లు లేక, జనరేటర్‌తో ట్యాంకు నింపుకున్న రోజులవి. నాన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పడిన చెట్లు నరికి తీయించే పనిలో ఉన్నాడు, అదే చేత్తో. పెన్షన్ అప్పీలు గురించి ఆలోచించే తీరికెక్కడిది? ఆర్నెల్లు ఎప్పుడు అయిపోయాయో తెలీదు.

ఇదంతా సగం నిజమే. మిగతా సగం నాన్న చెప్పడానికి ఇష్టపడలేదు, నేనే పీకాను. ఆయనకి ‘వైకల్యం’ అనే మాటంటే గిట్టదు. “కాలు పోయినోళ్లున్నారు, కళ్లు పోయినోళ్లున్నారు. నేను వికలాంగుణ్ణేటి? ఊళ్లో ఏటనుకుంటారు? సదరం క్యాంపు లైన్లో నించోమంటావా?” అని అరిచాడు. సదరం వేరు, ఇది వేరు అని మావయ్య చెప్పినా వినలేదు. అక్కడ 40 శాతం ఉంటేనే సర్టిఫికెట్‌కి విలువ, ఇక్కడ 20 నుంచే మొదలు. అది ప్రభుత్వం ఇచ్చే ఆసరా, ఇది ఉద్యోగంలో దెబ్బకి లెక్క. రెంటికీ సంబంధం లేదు. కానీ నాన్నకి రెండూ ఒకే లైనులా కనపడ్డాయి. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

నేను లెక్కల మనిషిని కాబట్టి కాగితం మీద లెక్క వేసి చూపించాను. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. దాన్నిబట్టి తగ్గుతూ వస్తుంది. అయితే 50 లోపు ఎంతున్నా 50కి పెంచి లెక్కగట్టే పద్ధతి 1996 నుంచి ఉంది. 50కి పైనుంటే 75, 75 దాటితే నూరు. మొదట్లో ఇది సర్వీసు మధ్యలో అనారోగ్యంతో పంపించేసిన వాళ్లకే అన్నారు. పూర్తి కాలం చేసి దిగినవాళ్లకి కూడా వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు 2014 డిసెంబర్ 10న తేల్చింది. అంటే నాన్న 20 కాస్తా 50 అవుతుంది. ఆఖరి జీతం 40 వేలు అనుకుంటే, 30 శాతం పన్నెండు వేలు, అందులో సగం ఆరు వేలు. నెలకి. డీఆర్ వేరే.

“సరే, ఏడేళ్ల బకాయి మొత్తం వస్తాదా?” అంది అమ్మ ఆశగా.

రాదు. ఆలస్యంగా కోర్టుకెళ్లిన తర్సేమ్ సింగ్ అనే సైనికుడి కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, పెన్షన్ అనేది నెలనెలా కొనసాగే అన్యాయం కాబట్టి ఎప్పుడైనా అడగొచ్చు, కానీ బకాయి మాత్రం అడిగిన రోజుకి ముందు మూడేళ్లదే. నాన్న విషయంలో మూడేళ్లు పోను మిగతా మూడున్నరేళ్లు గాలికే. ఆరు వేల చొప్పున రెండున్నర లక్షలు. నాన్న మొహమాటం ఖరీదు అది. ఈ మాట పైకి అనేశాను. అనకుండా ఉండాల్సింది. ఆయన లేచి తోటలోకి వెళ్లిపోయాడు.

మనసు మార్చింది నా లెక్కలు కాదు, తమ్ముడు. వాడికి పద్దెనిమిది. అగ్నివీర్‌కి తయారవుతున్నాడు. పొద్దున్నే నాలుగున్నరకి హైవే పక్కన పరిగెత్తే గుంపులో వాడూ ఒకడు. మా ప్రాంతంలో ఏ ఊరికెళ్లినా ఆ టైముకి ఆ చెప్పుళ్లు వినపడతాయి. ఆ రోజు పరుగు నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని, “నాన్నా, నాకు నాలుగేళ్లే సర్వీసు. అందులో సెయ్యి ఇరిగితే నాకేటి వస్తాది?” అని మామూలుగా అడిగాడు. అగ్నివీర్లకి నెలవారీ పెన్షన్ లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే 50 శాతానికి 15 లక్షలు, 75కి 25, నూరుకి 44 లక్షలు ఒకేసారి ఇస్తారు. సర్వీసు వల్ల అని రుజువుంటేనే. నాన్న చాలాసేపు వాడివైపే చూశాడు. తర్వాత నాతో, “ఫైలు పట్టుకురా” అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు పని. 2006 నాటి దెబ్బకి 2025లో సాక్ష్యం వెతకడం.

ధరమ్‌వీర్ సింగ్ కేసు అని ఒకటుంది. సిగ్నల్స్‌లో సిపాయి. 1985లో చేరితే మూర్ఛ వచ్చిందని 1994లో పంపించేశారు, 20 శాతం వైకల్యం, సర్వీసుకి సంబంధం లేదన్నారు. 2013 జులైలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. చేరేటప్పుడు జబ్బున్నట్టు రాసుకోలేదంటే ఆరోగ్యంగానే చేరినట్టు లెక్క, కాదని రుజువు చేసే బాధ్యత సైనికుడిది కాదు, అనుమానం ఉంటే సైనికుడికే లాభం. 1982 నాటి నిబంధనల్లోనే ఉన్న మాటలివి. యూట్యూబ్‌లో దీన్ని చూపించి “అందరికీ వచ్చేస్తుంది” అని ఊదరగొడతారు. మావయ్య మాత్రం ఆపారు. జబ్బుకీ దెబ్బకీ తేడా ఉందన్నారు. జబ్బు ఎలా వచ్చిందో సైనికుడు చెప్పలేడు. దెబ్బ ఎక్కడ, ఎప్పుడు, ఏ పనిలో తగిలిందో చెప్పగలడు, చెప్పాలి. ఎవరో రాసిచ్చిన మూస అప్పీలు కాపీ కొడితే ఇక్కడే బోల్తా పడతారు.

రికార్డు ఆఫీసుకి ఆర్టీఐ కింద దరఖాస్తు పెట్టాం. పది రూపాయలు, ముప్ఫై రోజులు. 2009 ఆపరేషన్ కాగితాలు వచ్చాయి. అందులో డాక్టరు ‘మూడేళ్ల కిందట పడ్డట్టు చెబుతున్నాడు’ అని రాసిన ఒక్క వాక్యం ఉంది. మావయ్య ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశారు. అప్పీలు ఆలోచన, డబ్బు ఆలోచన ఏదీ లేనప్పుడు చెప్పిన మాట కాబట్టి దానికి బరువుంటుందన్నారు. 2006 నాటి సిక్ రిపోర్టు మాత్రం రాలేదు. ఏ నెల, ఏ వారం అనేది నాన్నకి సరిగ్గా గుర్తులేదు, పాత రిజిస్టర్లు వెతకమనాలంటే తారీఖు కావాలి.

తారీఖు అమ్మ దగ్గర దొరికింది.

అమ్మ చీరల పెట్టె అడుగున పసుపురంగు తిరిగిపోయిన ఇన్‌లాండ్ లెటర్లు ఓ కట్ట. నాన్న రాసినవే అన్నీ, ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్కటి మాత్రం చిన్నపిల్లాడు రాసినట్టు వంకరటింకరగా ఉంది. చెయ్యి బెణికింది, ఎడంచేత్తో రాస్తున్నా, కంగారు పడొద్దు, డబ్బాలు మోస్తుంటే జారాను, పాపకి కొత్త పలక కొను. అంతే ఉత్తరం. తపాలా ముద్ర మీద తారీఖు ఉంది. ఆ పలక నాకు గుర్తుంది. నాకప్పుడు ఏడేళ్లు. ఆ ఉత్తరం నాన్న చేతికిస్తే, చదవకుండానే, “ఇదింకా ఉంచావేటి?” అని అమ్మతో అని, కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఇంట్లోవాళ్లకి రాసిన ఉత్తరాన్ని కమిటీ ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటుందో తెలియదు గానీ, తారీఖు మాత్రం చేతికొచ్చింది. ఆ తారీఖు పట్టుకుని నాన్న పాత యూనిట్ వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు, హిందీలో. మూడో రోజు పంజాబ్ నుంచి ఫోన్. ఆ రోజు వెనక డబ్బా మోసిన మనిషి. ఆయనా రిటైరయ్యాడు. ఇద్దరూ ఫోన్లో అరగంట అరుచుకున్నారు, తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. తను చూసింది చూసినట్టు రాసి, నోటరీ చేయించి స్పీడ్‌పోస్టులో పంపాడు. అడక్కుండానే వెంట చిన్న డబ్బాలో ఆవనూనె కూడా, చేతికి రాసుకోమని!

మధ్యలో ఒకడు తగిలాడు. ఎవరిస్తారో గానీ మాజీ సైనికుల నంబర్లు ఇలాంటివాళ్ల దగ్గర ఉంటాయి. వచ్చిన బకాయిలో మూడోవంతు తనకిస్తే 40 శాతం రాయిస్తానన్నాడు. “పరీక్షలో చెయ్యి అసలు కదపకండి సార్, పిడికిలి పట్టమంటే పట్టకండి” అన్నాడు. స్పీకర్లో అందరం వింటున్నాం. నాన్న ఫోన్ పెట్టేసి, “ఆడెవడు నా సేతికి రేటు కట్టడానికి?” అన్నాడు. రేటు సంగతి అలా ఉంచండి, అసలు ఆ బేరమే తెలివితక్కువది. 20 అయినా 40 అయినా చివరికి చేరేది ఆ 50కే. అబద్ధం ఆడితే ఒరిగేదేమీ లేదు, నిజం కూడా అనుమానంలో పడుతుంది తప్ప.

వైజాగ్ డాక్టరు దగ్గర నాన్న ఎంత వంగితే అంతే వంచాడు. మణికట్టు కోణం కొలిచే పరికరం పెట్టి చూస్తే, మామూలు మనిషికి వెనక్కి 70 డిగ్రీల దాకా వంగేది, నాన్నకి 30 దగ్గర ఆగిపోయింది. పిడికిలి బలం కొలిచేది నొక్కమంటే ఎడంచెయ్యి 38 కిలోలు చూపించింది, కుడిచెయ్యి 18. నాన్న కుడిచేతివాటం మనిషి. ఆ 18 చూసి, “మళ్లీ నొక్కుతాను సార్” అన్నాడు. పళ్లు బిగించి నొక్కాడు. 19. డాక్టరు నవ్వి, “ఇక్కడ ఎక్కువ వస్తే ప్రైజేమీ లేదండీ” అన్నారు. నొప్పికి మాత్రలు వద్దని, పట్టీ, వేడి కాపడం, వ్యాయామం రాసిచ్చారు. మరీ భరించలేకపోతే కీలు కదలకుండా బిగించే ఆపరేషన్ ఉందట. అది తర్వాతి మాట.

అప్పీలు నేనే ఫోన్లో టైప్ చేశాను, మావయ్య దిద్దారు. ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట తిత్లీ గురించి నాలుగు లైన్లు రాశాను. నాన్న చదివి, “ఇది కూడా రాయి” అన్నాడు. ఏమిటంటే, వికలాంగుడు అనిపించుకోవడం ఇష్టం లేక కూడా ఆగాను అని. అది రాయక్కర్లేదు, కేసుకి ఉపయోగం లేదు అన్నారు మావయ్య. “నిజమే కదా బావా” అన్నాడు నాన్న. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి రాశాం. సరైన పనో కాదో నాకిప్పటికీ తెలీదు.

ఏప్రిల్‌లో కంచిలి పోస్టాఫీసు నుంచి పంపాం. ప్రతి పేజీ మీద నాన్న సంతకం, కుడిచేత్తోనే. పదకొండో పేజీకి ఆగి, వేళ్లు విదిలించుకుని, మళ్లీ పెట్టాడు. చేరినట్టు మెసేజ్ వచ్చింది. జవాబు ఇంకా రాలేదు.

ఈ మధ్య తమ్ముడు గ్రౌండులో మడమ బెణికించుకుని వచ్చాడు. పెద్దదేం కాదు. నాన్న ఐసు పెట్టి, క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో పెన్నుతో ఏదో రాశాడు. చూస్తే, ‘ఎడమ కాలు, పరుగులో, 5.10కి’ అని ఉంది. పక్కన ఎవరున్నారో కూడా అడిగి రాశాడు. అమ్మకి నవ్వాగలేదు.

మొన్న శనివారం ఫోన్ చేసినప్పుడు నాన్నే ఎత్తాడు ఆ విషయం. ఈ కమిటీ కాదంటే రెండో అప్పీలుంది, అదీ కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రాష్ట్రానికి బెంచి చెన్నైలో. “వెళ్లాల్సొస్తే వెళ్దాంలే” అన్నాడు. ఈ మనిషేనా ఆ రోజు తోటలోకి లేచిపోయింది అనుకున్నాను. టికెట్ నేను బుక్ చేస్తాలే నాన్నా అంటే, “సోంపేట అని కొట్టు. కంచిలి అని కొడితే రాదు” అన్నాడు.